డిజాల్వ్ కింద దాగిన రెండు ఫ్రేములు: ఒక కూచిపూడి రికార్డింగ్ రీఎడిట్ కేస్ స్టడీ

విజయవాడలోని ఒక ఆడిటోరియంలో జరిగిన కూచిపూడి ప్రదర్శనను మూడు కెమెరాలతో రికార్డు చేసి, దాదాపు గంటన్నర నిడివి గల వీడియోగా ఎడిట్ చేసి గురువుగారికి అప్పటికే అందజేశారు. చిత్రం స్పష్టంగానే ఉంది, రంగులు బాగున్నాయి, ధ్వని శుభ్రంగా ఉంది. అయినా గురువుగారు ఆ వీడియోను నా దగ్గరకు తీసుకువచ్చి, పిల్లలు దాన్ని చూసి అడుగులు నేర్చుకోలేకపోతున్నారని చెప్పారు. అమెరికాలో ఉంటూ ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్న ఆమె శిష్యులకు ఆ వీడియోయే పాఠ్యపుస్తకం కావలసి ఉంది. పూర్తి నిడివి వీడియోతో పాటు, కొత్తవారికి పంపుకోవడానికి పన్నెండు నిమిషాల సంక్షిప్త వీడియో కూడా కావాలన్నారు. కెమెరాల నుంచి వచ్చిన అసలు ఫైళ్లు, మిక్సర్ నుంచి నేరుగా రికార్డయిన ఆడియో, మొదటి ఎడిటర్ ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ప్రాజెక్టు ఫైలు, మూడూ నాకు అందాయి. ప్రాజెక్టు ఫైలు కూడా దొరకడం వల్లనే ఈ విశ్లేషణ సాధ్యమైంది.

కెమెరాల అమరిక ఇలా ఉంది. మొదటిది హాలు చివర, వేదికకు సుమారు 30 మీటర్ల దూరంలో, వేదికంతా కనిపించేలా స్టాండు మీద కదలకుండా ఉంది. రెండోది ఎడమ వైపు నుంచి అభినయాన్ని, అంటే ముఖాన్నీ హస్తాలనూ చూపిస్తుంది. మూడోది వేదిక అంచున, పాదాల ఎత్తులో ఉంది. మూడూ సెకనుకు 25 ఫ్రేముల చొప్పున రికార్డు చేశాయి.

మొదటి ఎడిట్‌లో ఏం జరిగింది

కెమెరా మారిన ప్రతిచోటా ఒక సెకను క్రాస్ డిజాల్వ్, అంటే ఒక బొమ్మ కరిగిపోతుండగానే దాని మీద మరో బొమ్మ తేలే మార్పు, ఉంది. ఒక బొమ్మ నుంచి మరో బొమ్మకు ఒక్కసారిగా మారే సూటి కట్ ఎక్కడా లేదు. పెళ్లి వీడియోల్లో ఇది మామూలు అలవాటే. అక్కడ దానివల్ల పెద్ద నష్టం ఉండదు, ఎందుకంటే తలంబ్రాలు పోసే చెయ్యి ఒక సెకను పాటు మసకబారినా చూసేవారికి విషయం అర్థమవుతూనే ఉంటుంది. నృత్తంలో, అంటే లయకు అడుగులు వేసే భాగంలో, మాత్రం ఆ ఒక సెకనులోనే అసలు పాఠం ఉంటుంది.

లెక్క వేసి చూస్తే నష్టం ఎంతో తెలుస్తుంది. ఆ ప్రదర్శనలో ఒక జతి (అడుగులకు పలికే అక్షరాల వరుస) నిమిషానికి సుమారు 75 దెబ్బల వేగంతో, ఎనిమిది దెబ్బల ఆదితాళంలో నడిచింది. అంటే దెబ్బకు 0.8 సెకన్లు, 25 ఫ్రేముల లెక్కన 20 ఫ్రేములు. దెబ్బకు నాలుగు అక్షరాల చొప్పున ‘తకధిమి’ అన్నప్పుడు ఒక్కో అక్షరానికి అయిదు ఫ్రేములు దక్కుతాయి. ఒక సెకను డిజాల్వ్ 25 ఫ్రేములను ఆక్రమిస్తుంది కనుక, దాని కింద ‘తకధిమి’ మొత్తం పోయి, తర్వాతి దెబ్బలో మొదటి అక్షరం కూడా పోతుంది. ఆ సమయమంతా తెర మీద దూరంగా ఒక నర్తకి, దగ్గరగా రెండు పాదాలు ఒకదాని మీద ఒకటి తేలుతూ ఉంటాయి. ఏ కాలు నేలను తాకిందో, ఏది లేచిందో ఎవరూ చెప్పలేరు. ‘తధిగిణతొమ్’ అనే అయిదక్షరాల ముక్తాయింపు (జతిని ముగించే వరుస) కూడా ఈ వేగంలో సరిగ్గా 25 ఫ్రేములే పడుతుంది. మూడుసార్లు వచ్చే ఆ ముక్తాయింపులో మూడోసారి సరిగ్గా డిజాల్వ్ పడిన చోటు ఒకటి కనిపించింది. నర్తకి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పొడవునా కట్టుకుంటూ వచ్చినదంతా ఎక్కడ ముగుస్తుందో, అక్కడే బొమ్మ చెదిరిపోయింది.

డిజాల్వ్‌లను తీసివేస్తే బయటపడిన అసలు లోపం

పని చాలా తేలికగా ముగుస్తుందని ఎవరికైనా అనిపిస్తుంది: డిజాల్వ్‌లన్నీ తీసివేసి సూటి కట్‌లు పెడితే సరిపోతుంది. అలా తీసివేసి ప్లే చేయగానే ప్రతి కట్ దగ్గరా ఒక చిన్న తడబాటు కనిపించింది. దూరపు షాట్ నుంచి పాదాల షాట్‌కు వెళ్లినప్పుడు నేలను తాకేసిన మడమ మళ్లీ ఒకసారి తాకుతున్నట్టుంది. పాదాల షాట్ నుంచి దూరపు షాట్‌కు వచ్చినప్పుడు కదలికలో చిన్న ముక్క ఎగిరిపోయినట్టుంది. మొదటి ఎడిటర్ ప్రతిచోటా డిజాల్వ్ ఎందుకు వేశారో నాకు అప్పుడు అర్థమైంది. అది అలంకారం కోసం వేసినది కాదు. కట్ దగ్గర ఏదో అతకలేదని ఆయన కంటికి తెలిసింది, ఆ అతుకును డిజాల్వ్‌తో కప్పారు.

కారణం తెలుసుకోవడానికి ఒక్క కాలి దెబ్బను ఎంచుకుని ఫ్రేము ఫ్రేముగా చూశాను. నాట్యానికి లయ చెప్పే నట్టువాంగం తాళాలు (చేతిలోని లోహపు చిప్పలు) మోగిన క్షణం ఆడియో వేవ్‌ఫామ్‌లో, అంటే ధ్వనిని చూపే గీతలో, సూదిమొనలా స్పష్టంగా కనిపిస్తుంది. పాదాల కెమెరాలో మడమ నేలను తాకిన ఫ్రేము సరిగ్గా ఆ మొన దగ్గరే ఉంది. దూరపు కెమెరాలో మాత్రం మడమ రెండు ఫ్రేముల ముందే తాకుతోంది. వేదిక పక్కన కూర్చున్న నట్టువనార్ చేతిలోని తాళాలు కలిసే ఫ్రేమును చూసినా అదే తేడా వచ్చింది.

ఆ రెండు ఫ్రేములు హాలు పొడవు నుంచి వచ్చాయి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 30 మీటర్లు దాటడానికి దానికి సెకనులో దాదాపు పదకొండో వంతు, అంటే రెండు ఫ్రేములకు కాస్త ఎక్కువ పడుతుంది. వెలుతురుకు ఆ ఆలస్యం లేదు. కాబట్టి హాలు చివర ఉన్న కెమెరా అడుగును వెంటనే చూసింది, దాని మైకు మాత్రం ఆ చప్పుడును రెండు ఫ్రేముల తర్వాత విన్నది. మూడు కెమెరాలనూ మిక్సర్ ఆడియోతో జత చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ వేవ్‌ఫామ్‌లను పోల్చి కలుపుతుంది. ఆలస్యంగా విన్న శబ్దాన్ని అసలు శబ్దంతో కలిపేందుకు అది ఆ క్లిప్పును ముందుకు జరిపింది. శబ్దం కలిసింది, బొమ్మ రెండు ఫ్రేములు ముందుకు వచ్చేసింది. వేదిక అంచున ఉన్న కెమెరాకు దూరం మూడు నాలుగు మీటర్లే కనుక దాని తేడా ఒక ఫ్రేములో మూడో వంతు కూడా లేదు.

దూరపు కెమెరా క్లిప్పులను రెండు ఫ్రేములు వెనక్కి జరపగానే తడబాటు పోయింది. అయితే ఒక్కసారి సరిచేసి వదిలేయకూడదు. కెమెరాలోని గడియారం, ఆడియో రికార్డర్‌లోని గడియారం పూర్తిగా ఒకే వేగంతో నడవవు. ఎడతెగని పొడవైన రికార్డింగులో చివరికి వచ్చేసరికి తేడా మళ్లీ పుట్టవచ్చు. అందుకే ప్రతి అంశం మొదట్లో ఒక కాలి దెబ్బను, చివర ఒక కాలి దెబ్బను విడివిడిగా సరిచూసుకున్నాను. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే: డిజాల్వ్ లాంటి ట్రాన్సిషన్ వేయాలనిపించిన ప్రతిచోటా, దాని కింద ఏ లోపం ఉందో చూసిన తర్వాతే వేయాలి. బొమ్మకూ ధ్వనికీ పొందిక (సింక్) సరిచేసిన తర్వాత ఆ వీడియోలోని డిజాల్వ్‌లలో అత్యధిక భాగం అవసరమే లేకుండా పోయింది.

ఎక్కడ కట్, ఎక్కడ డిజాల్వ్

తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను. కాలం తెగకుండా నడుస్తూ, కెమెరా మాత్రమే మారితే సూటి కట్. నిజంగా కాలం తెగిన చోట, అంటే ఒక అంశం ముగిసి మరొకటి మొదలయ్యేచోట లేదా ప్రసంగంలో కొంత తీసివేసిన చోట, డిజాల్వ్ గానీ నల్లతెరలోకి ఫేడ్ గానీ. ప్రేక్షకులకు సినిమాలు చూసి చూసి డిజాల్వ్ అంటే కొంత సమయం గడిచిందనే అర్థం అలవాటైపోయింది. ఒకే ఆవర్తనం మధ్యలో డిజాల్వ్ వేస్తే, తెగని తాళాన్ని తెగినట్టు చెప్పినట్టే అవుతుంది. నేర్చుకునే పిల్లలు అక్కడ ఏదో వదిలేశారని అనుకుంటారు. నిజానికి గురువుగారి శిష్యుల్లో కొందరు అలాగే అనుకుని, లేని అడుగుల కోసం వెతికారు.

సూటి కట్ ఏ ఫ్రేము దగ్గర వేయాలన్నది కొంత ఓపిగ్గా తేల్చుకోవలసిన విషయం. దెబ్బ పడిన ఫ్రేము మీదే కట్ చేస్తే లయకు దగ్గరగా ఉంటుందని చాలామంది భావిస్తారు. కానీ షాట్ మారిన వెంటనే కొత్త బొమ్మలో ఎక్కడ చూడాలో వెతుక్కోవడానికి కంటికి కొన్ని ఫ్రేములు పడుతుంది. ఈలోగా దెబ్బ జరిగిపోతుంది. అందువల్ల కాలు పైకి లేస్తున్నప్పుడు, దెబ్బకు ఆరు నుంచి ఎనిమిది ఫ్రేముల ముందు కట్ చేశాను. దూరపు షాట్‌లో లేచిన కాలు దగ్గరి షాట్‌లో నేలను తాకుతుంది; కదలిక రెండు షాట్లనూ కలిపి పట్టుకుంటుంది కనుక కట్ జరిగినట్టే తెలియదు. దెబ్బకు నాలుగు అక్షరాలు దాటి ఎనిమిదికి వెళ్లినప్పుడు అక్షరానికి రెండున్నర ఫ్రేములే మిగులుతాయి. అంత వేగంలో ఎక్కడ కట్ చేసినా ఏదో ఒక అడుగు కంటి నుంచి తప్పిపోతుంది. అక్కడ కెమెరా మార్చడమే మానేసి, నర్తకి నిలువెత్తునా కనిపించే దూరపు షాట్‌లోనే ఉండిపోయాను. చూసేవారికి విసుగు పుడుతుందేమోనన్న భయం చాలామంది ఎడిటర్లలో ఉంటుంది. మంచి నర్తకి వేగంగా ఆడుతున్నప్పుడు విసుగు పుట్టదు. ఆమెను పూర్తిగా చూడనివ్వకపోతేనే చిరాకు పుడుతుంది.

తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, పళ్లెంతో సహా కదులుతూ లయను పలికించే భాగంలో దీనికి భిన్నమైన ఇబ్బంది వచ్చింది. రెండో కెమెరా 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర దానంతట అదే ఆగిపోయింది. అరగంట, అంతకు మించి రికార్డు చేసే కెమెరాలకు ఐరోపాలో ఎక్కువ సుంకం పడేది కనుక, పాత మోడళ్లలో చాలావాటికి తయారీదారులు ఈ పరిమితి పెట్టారు. ఆపరేటరు గమనించి మళ్లీ బటన్ నొక్కేలోగా కొన్ని సెకన్ల అభినయం పోయింది. మొదటి ఎడిట్‌లో ఆ ఖాళీకి రెండు వైపులా ఉన్న ముక్కలను దగ్గరకు లాగి డిజాల్వ్‌తో అతికించారు. దాంతో ఆ కెమెరాలోని బొమ్మ అక్కడి నుంచి పాటకంటే ముందుకు వెళ్లిపోయి, పెదవుల కదలికకూ గాత్రానికీ పొంతన లేకుండా పోయింది. నేను ఆ క్లిప్పును దాని అసలు స్థానానికి తిరిగి చేర్చి, ఖాళీ అంతటినీ పాదాల కెమెరాతో నింపాను. కాలివేళ్లు పళ్లెం అంచును పట్టుకునే తీరు, పళ్లెం ముందుకు జారేటప్పుడు మడమ బరువు మారే తీరు అందులో ఎక్కడా తెగకుండా కనిపిస్తాయి. గురువుగారికి ఈ భాగమే అన్నిటికంటే నచ్చింది.

సత్యభామ ప్రవేశానికి ఏ ట్రాన్సిషనూ అక్కరలేదు. సంప్రదాయమే దాన్ని వేదిక మీద సిద్ధం చేసి ఉంచింది. ఇద్దరు తెర పట్టుకుని నిలబడితే దాని వెనుక నుంచి భామ తన జడను తెర మీదుగా ఇవతలకు వేస్తుంది. దూరపు షాట్‌లో తెర మొత్తాన్నీ జడతో సహా చూపించి, రెండో కెమెరాలో తెర వస్త్రం ఫ్రేమును పూర్తిగా నింపిన క్షణంలో అటు కట్ చేశాను; తెర తొలగగానే ముఖం దగ్గరగా కనిపిస్తుంది. మొదటి ఎడిట్‌లో ఇక్కడ పేజీ తిరిగినట్టు కనిపించే ఎఫెక్టు ఉంది. తెర తొలగే ఆ ఘడియ కోసమే ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడినప్పుడు, దాని మీద మరో తెర వేయడం భామకు అన్యాయం చేయడమే.

హ్యాండిల్స్ లేని క్లిప్పులు

అంశానికీ అంశానికీ మధ్య డిజాల్వ్ అవసరమైన చోట మరో చిక్కు ఎదురైంది. డిజాల్వ్ జరిగేటప్పుడు రెండు క్లిప్పులూ ఒకేసారి నడుస్తాయి. కట్‌కు మధ్యలో 20 ఫ్రేముల డిజాల్వ్ పెడితే, ముందు క్లిప్పు కట్ దాటి మరో పది ఫ్రేములు సాగాలి, తర్వాతి క్లిప్పు కట్‌కు పది ఫ్రేముల ముందు నుంచే మొదలవ్వాలి. ఈ అదనపు ఫ్రేములనే హ్యాండిల్స్ అంటాము. రెండో కెమెరా ఆపరేటరు కొన్నిచోట్ల చప్పట్లు మొదలవగానే ఆపి, పాట ఎత్తుకున్నాక మళ్లీ మొదలుపెట్టారు కనుక ఆ క్లిప్పులకు హ్యాండిల్స్ దాదాపు లేవు. ఇలాంటి చోట ప్రీమియర్ ప్రో తగినంత మీడియా లేదని, ఫ్రేములు పునరావృతమవుతాయని హెచ్చరిస్తుంది. ఒప్పుకుంటే ట్రాన్సిషన్ పట్టీ మీద ఏటవాలు గీతలు పడతాయి. అంటే ఆఖరి ఫ్రేమును నిలబెట్టి డిజాల్వ్ పూర్తిచేస్తోందని అర్థం. కూర్చున్న మనిషి మీదైతే అది ఎవరికీ తెలియకపోవచ్చు. నమస్కారానికి వంగుతున్న నర్తకి జడగంటలు గాలిలో ఊగుతూ ఉన్నట్టుండి రాయిలా నిలిచిపోతే మాత్రం అందరికీ తెలుస్తుంది.

అలాంటి చోట్ల డిజాల్వ్‌ను వదిలి, ముందు క్లిప్పు చివర నల్లతెరలోకి ఫేడ్, కొద్ది ఖాళీ, తర్వాతి క్లిప్పు మొదట్లో నల్లతెర నుంచి ఫేడ్ పెట్టాను. రెండూ ఒంటివైపు ట్రాన్సిషన్లు కనుక క్లిప్పు బయటి ఫ్రేములు వాటికి అవసరం లేదు. వేదికలో వెనుక పరదా నల్లనిదే కావడం వల్ల ఆ ఫేడ్ సహజంగా కుదిరింది.

హ్యాండిల్స్ ఉన్నచోట వేసిన డిజాల్వ్‌లలో ఆ నల్లని పరదా వల్లనే ఇంకో విషయం బయటపడింది. సాధారణ క్రాస్ డిజాల్వ్ పిక్సెల్ విలువలను ఉన్నవి ఉన్నట్టుగా కలుపుతుంది. వీడియోలో ఆ విలువలు వెలుతురుకు నేరుగా అనుపాతంలో ఉండవు, వాటికి గామా వంపు ఉంటుంది. విలువ సగమైతే తెర మీద వెలుతురు ఇంచుమించు అయిదో వంతుకు పడిపోతుంది. ఒక అంశం చివర నర్తకి వేదికకు కుడివైపు, తర్వాతి అంశం మొదట్లో ఎడమవైపు ఉంటే, డిజాల్వ్ మధ్యలో ఇద్దరి మీదా నల్లని పరదా సగం పాలు కలిసి ఇద్దరూ మసకబారుతారు; బొమ్మంతా ఒక్కసారి కుంగినట్టు కనిపిస్తుంది. ఫిల్మ్ డిజాల్వ్ అయితే విలువలను ముందు అసలు వెలుతురు లెక్కలోకి మార్చి కలుపుతుంది కనుక సగం దగ్గర నిజంగా సగం వెలుతురే మిగులుతుంది. జరీ అంచులు, దీపపు వెలుగు నిలబడ్డాయి, కుంగుబాటు పోయింది. దీంతో వెళ్లే బొమ్మ ఎక్కువసేపు నిలిచి, వచ్చే బొమ్మ తొందరగా తెలుస్తుంది కనుక డిజాల్వ్ పొడవుగా అనిపిస్తుంది. అందుకే నిడివిని 25 ఫ్రేముల నుంచి 20కి తగ్గించాను.

సంక్షిప్త వీడియో

గంటన్నరను పన్నెండు నిమిషాలకు కుదించడంలో బొమ్మకంటే ముందు తాళాన్ని కాపాడుకోవాలి. ఒక అంశం మధ్యలో కొంత తీసివేస్తే, తీసినది పూర్తి ఆవర్తనాలుగానే ఉండాలి. ఆవర్తనం మొదటి దెబ్బను సమం అంటారు; సమం నుంచి సమానికి మాత్రమే కత్తిరించాలి. నిమిషానికి 75 దెబ్బల వేగంలో ఆదితాళం ఆవర్తనం 160 ఫ్రేములు అవుతుందన్న లెక్క కాగితం మీదే పనికొస్తుంది. కచేరీలో కాలప్రమాణం కొద్దికొద్దిగా మారుతూనే ఉంటుంది. మృదంగం మీద సమం పడిన చోటును చెవితో విని గుర్తుపెట్టుకోవడమే సరైన పద్ధతి. పల్లవి మొదటిసారి వచ్చిన చోటునూ, చివర జతి తర్వాత వచ్చిన చోటునూ కలిపి చూస్తే వేగంలో తేడా కొట్టొచ్చినట్టు వినిపించింది. ఆ అతుకును వదులుకుని, దగ్గరి ఆవర్తనాలనే కలిపాను. ఇలా తీసివేసిన ప్రతిచోటా బొమ్మ మీద 20 ఫ్రేముల డిజాల్వ్ ఉంచాను, ఇక్కడ కొంత లేదని చూసేవారికి తెలియడం కోసం.

ధ్వనిలో ఒక శబ్దం తగ్గుతూ మరొకటి పెరిగే క్రాస్‌ఫేడ్ ఎంపికకు కూడా ఇలాంటి జాగ్రత్తే కావాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని శబ్దాలు, ఉదాహరణకు చప్పట్లూ తంబురా శ్రుతీ కలిసేచోట, కాన్‌స్టంట్ పవర్ అనే రకం సరిపోతుంది. అక్కడ కాన్‌స్టంట్ గెయిన్ అనే మరో రకం వాడితే మధ్యలో దాదాపు మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. అతుకుకు రెండు వైపులా ఒకే శబ్దం అచ్చంగా అదే దశలో సాగుతున్నప్పుడు ఇది తిరగబడుతుంది: కాన్‌స్టంట్ పవర్ మధ్యలో మూడు డెసిబెల్స్ ఉబ్బిస్తుంది, కాన్‌స్టంట్ గెయిన్ సమంగా ఉంచుతుంది. ఆడియో ట్రాకు మధ్యలో మొదటి ఎడిట్ నుంచి మిగిలిన ఉత్తుత్తి కట్‌ల (ఏమీ తీసివేయకుండా ఊరికే కోసి వదిలిన చోట్ల) మీద ఈ ఉబ్బు స్పష్టంగా వినిపించింది. ఆ కట్‌లనే తీసివేశాను.

గురువుగారి పరిచయ ప్రసంగాన్ని కుదించడానికి రెండు ముక్కల మధ్య బొమ్మను కలిపి అతుకును దాచే మార్ఫ్ కట్‌ను ప్రయత్నించి చూశాను. తల కదలికను అది బాగానే కలిపింది గానీ, ఆమె మాట్లాడుతూ పతాకం, కటకాముఖం అనే హస్తముద్రలు పట్టి చూపిస్తున్నప్పుడు వేళ్లు కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. హస్తాలు నేర్పే వీడియోలో అది ఎంత మాత్రం పనికిరాదు. ఆమె గొంతును కొనసాగించి, మాట తెగిన చోట ఆ హస్తాన్ని వేదిక మీద నర్తకి పట్టిన షాట్‌ను పైన వేశాను.

ఎక్స్‌పోర్ట్ విషయంలో ఒక్క మాట. డిజాల్వ్ జరిగేటప్పుడు ఫ్రేములోని ప్రతి పిక్సెలూ మారుతుంది కనుక కంప్రెషన్‌కు అది కష్టమైన భాగం. బిట్‌రేట్ (సెకను వీడియోకు కేటాయించే డేటా) తక్కువైతే మొదట గళ్లుగళ్లుగా విరిగేది అక్కడే. ఫోన్లలో పంపుకునే సంక్షిప్త వీడియోకు కూడా బిట్‌రేట్‌ను కాస్త ఉదారంగానే ఉంచాను.

తర్వాతి రికార్డింగుకు ఇచ్చిన సూచనలు

పూర్తి నిడివి వీడియోను గురువుగారు శిష్యులతో కూర్చుని చూశారు. ముక్తాయింపుల దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, ఏ కాలు ముందో అడిగి చెప్పించారు. ఎక్కడా సందేహం రాలేదు. సంక్షిప్త వీడియోలో మాత్రం ఒక డిజాల్వ్‌ను అది ఉన్న చోటు నుంచి తీసివేయమన్నారు. అభినయంలో నాయిక చూపు మరలే క్షణానికి అది కాస్త ముందు పడుతోంది. ఆమె చెప్పింది నిజమే. డిజాల్వ్‌ను తర్వాతి ఆవర్తనానికి జరిపాను.

ఆ సంస్థ తదుపరి ప్రదర్శనకు కెమెరావారికి ఇవ్వడానికి ఒక కాగితం రాసి ఇచ్చాను. నర్తకి వేదిక మీదకు రాకముందే రికార్డింగ్ మొదలుపెట్టి, ఆమె వెళ్లిపోయాక కూడా కనీసం పది సెకన్లు ఆపకుండా ఉంచాలి. అరగంట పరిమితి ఉన్న కెమెరా అయితే ప్రతి అంశానికీ ముందు ఆపి, వెంటనే తిరిగి మొదలుపెట్టాలి. ప్రతి అంశానికి ముందు నట్టువనార్ మూడు కెమెరాలకూ కనిపించేలా చేతులెత్తి తాళాలను ఒక్కసారి గట్టిగా కొట్టాలి. ఎడిటింగులో క్లిప్పులను ఆ తాళాలు కలిసిన ఫ్రేమును కంటితో చూసి కలపాలి. కెమెరా మైకు శబ్దం మీద ఆధారపడకూడదు.